పన్నెండో మీట

పొద్దున్నే లేచి మొహం కడుక్కోగానే మా చిన్నత్త చేసే మొదటి పని, వంటింట్లోని చిన్న కాటా మీద వంద గ్రాముల ఇత్తడి గుండు పెట్టి చూడడం. కాటా వంద అని చూపిస్తుంది. నిన్నా వందే చూపించింది. అయినా గుండు తీసి, కాటాను అరచెయ్యంత పక్కకు జరిపి, మళ్లీ పెట్టి చూస్తుంది. అప్పుడు గానీ పొయ్యి వెలిగించదు. రాత్రికి రాత్రే దానికేమవుతుందని ఒకసారి అడిగాను.

"ఏమవుతుందో తెలిస్తే చూడ్డం ఎందుకే?" అంది.

మామయ్య బస్సు డిపోలో టైం కీపర్. ఆయన ఈ అలవాటును పట్టుకుని ఆమెను ఏడిపిస్తుంటాడు. "పెళ్లికి ముందు నన్నూ రెండుసార్లు తూచింది మీ అత్త. రెండోసారి మూడు గ్రాములు తగ్గానట. ఆ మూడు గ్రాములు ఎక్కడ పెట్టారని ఇప్పటికీ అడుగుతూనే ఉంది."

కాటాలు బాగుచేయడం ఆమె వృత్తి. మా తాతయ్య దగ్గర నేర్చుకుంది. ఆయన నలుగురు పిల్లల్లో చిన్న మరను గంటసేపు కదలకుండా చూడగలిగే ఓపిక ఆమెకు ఒక్కదానికే ఉండేదట. ఇంటి ముందుగదే ఆమె షాపు. గోడ వారగా కూరగాయల వాళ్ల పళ్లేల కాటాలు, కిరాణా కొట్ల అంకెల కాటాలు, మధ్యలో ఒక పొడుగు బల్ల, బల్ల మీద భూతద్దం బిగించిన దీపం. ఒక కాటా విప్పితే దాని మరలు విప్పిన వరుసలోనే ఒక గుడ్డ మీద పేర్చి ఉంటాయి. గదిలో ఎప్పుడూ కాల్చిన సీసం వాసన.

సీలు వేసేది తూనికల ఆఫీసు వాళ్లే. కానీ కొట్ల వాళ్లు సీలు కంటే అత్త చేతినే ఎక్కువ నమ్ముతారు. "ఆమె చూసిందంటే ఇంక చూడక్కర్లేదు" అనే ఒక్క మాట మీద ఆ గది నడుస్తోంది. ఆ మాట పోతే గదిలో మిగిలేది ఇనుము.

అటువంటి మనిషి ఆదివారం పూట పదకొండేళ్లపాటు ఒక దొంగ తూకం తూచింది. ఆ సంగతి నాకు తెలుసు.

మా చర్చి చిన్నది. పాస్టరుగారికి తప్ప ఎవరికీ జీతం లేదు. కుర్చీలు వేసేవాళ్లు, ఊడ్చేవాళ్లు, పాడేవాళ్లు, వాయించేవాళ్లు అందరూ తమ పనులు తాము చేసుకుని, మిగిలిన పొద్దులో వచ్చేవాళ్లే. పదిహేనేళ్ల కిందట ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో స్పీకర్లు గుయ్యిమని మోగడం మొదలుపెట్టి ఎంతకీ ఆగలేదట. అత్త లేచి వెళ్లి ఒక వైరు పీకి, తుడిచి, మళ్లీ గుచ్చి వచ్చి కూర్చుంది. మోత ఆగిపోయింది. ఆ ఒక్క వైరు పీకిన పాపానికి మిక్సర్ ఆమె మెడకు చుట్టుకుంది.

మిక్సర్ అంటే పాడేవాళ్ల మైకులు, వాయిద్యాలు అన్నీ వచ్చి కలిసే పెట్టె. ఒక్కో మైకుకు ఒక్కో మీట. పైకి జరిపితే ఆ గొంతు పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది. మా పెట్టెకు పదహారు మీటలు, వాడేవి పదకొండు. ఆ పెట్టె ఉండాల్సింది హాలు వెనక. కానీ వైరు పొట్టిదని వేదికకు ఎడమ పక్కన, పాడేవాళ్ల కళ్లెదుటే బల్ల వేశారు. గొడవంతా ఆ పొట్టి వైరు వల్లే వచ్చింది.

పాటలకు పెద్ద పీటీ టీచరమ్మ. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల చేత పరుగులు తీయించి రిటైరైంది. మైదానం ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర పిల్లవాడి కాళ్లు నిలిచిపోయేవట. నిజానికి ఆమెకు మైకే అక్కర్లేదు. కానీ పాట మొదలై రెండు వరుసలు గడిచేసరికి అత్త వైపు తిరిగి చూపుడువేలు పైకెత్తి ఊపుతుంది. పెంచమని. పెంచితే స్పీకర్ కీచుమంటుంది. పెంచకపోతే పాట ఆపి, "ఏమ్మా, చెయ్యి నొప్పా?" అని అందరి ముందూ అడుగుతుంది.

ఒక ఆదివారం ఏమీ తోచక అత్త పన్నెండో మీట పైకి జరిపింది. దానికి వైరే లేదు. టీచరమ్మ రెండు క్షణాలు చెవి ఒగ్గి, తల ఊపి, "ఆ, ఇప్పుడు బాగుంది" అని నవ్వింది. మరుసటి ఆదివారం మళ్లీ వేలెత్తింది. అత్త మళ్లీ పన్నెండో మీట జరిపింది. ఇక అదే అలవాటైపోయింది.

నాకు పదమూడేళ్లప్పుడు పాటల వరుస రాసిపెట్టడానికి ఆ బల్ల పక్కన కూర్చునేదాన్ని. పెన్ను కింద పడి వంగినప్పుడు పెట్టె వెనక వైపు కనిపించింది. పదకొండు వైర్లు, పన్నెండో కంత ఖాళీ. "అత్తా, టీచరమ్మది ఊడిపోయింది" అన్నాను. ఆమె నా తొడ మీద గట్టిగా గిల్లి, పాటకు తగ్గట్టు పెదవులు కదుపుతూనే ఉంది. గిల్లిన చోట కమిలింది. నాకు అర్థమైంది.

పోయిన ఏడాది ఆ పెట్టె ముసలిదైపోయింది. మీట ముట్టుకుంటే స్పీకర్లలో ఇసుక పోసినట్టు గరగర. సగం ప్రార్థనలో నాలుగో మైకు తనంతట తాను చచ్చిపోయి ముగింపు పాటకు బతికేది. కమిటీ కూర్చుని కొత్త డిజిటల్ మిక్సర్ కొనాలని తీర్మానించింది. ఏది కొనాలో చూసే పని అత్తకూ, చర్చి సెక్రటరీకీ అప్పగించారు. సెక్రటరీది కిరాణా కొట్టు. ఆయన కొట్టు కాటాలు రెండూ అత్తే చూస్తుంది.

"కాటాల్లో తప్పు పట్టేదానివి, పెట్టెలో తప్పు పట్టలేవా అక్కా? నువ్వు ఏదంటే అదే" అన్నాడు ఆయన.

సూచనల పుస్తకాలు చదివిపెట్టడానికి నన్ను కూడా వెంటబెట్టుకున్నారు.

మొదటి షాపులో చూపించిన పెట్టెకు మీటలే లేవు. మొత్తం ఒక పలక ఫోనులోనే, అదే ట్యాబ్‌లో. షాపతను మహా ఉత్సాహంగా ఉన్నాడు. "మేడం, ఇది పెట్టుకుంటే పాడేవాళ్లు ఎవరి ఫోనులో వాళ్లు చూసుకోవచ్చు. ఎవరి మైకు ఎంత ఉందో, ఏ మైకుకు వైరు ఉందో లేదో, అంతా అందరికీ కనిపిస్తుంది."

అత్త పలకను బల్ల మీద బోర్లా పెట్టింది. "వైఫై పోతే?"

"పోదు మేడం."

"పోనిది ఈ లోకంలో ఏముంది బాబూ?" అని లేచింది.

అడగాల్సిన ప్రశ్నే. ప్రసంగం మధ్యలో పలక పట్టు తప్పితే హాలంతా మూగబోతుంది. సెక్రటరీ కూడా తల ఊపాడు. కానీ నేను ఆమె చేతినే చూస్తున్నాను. పలకను బోర్లించిన చెయ్యి ఇంకా దాని మీదే ఉంది, మూత పెట్టినట్టు.

రెండో షాపులోది బాగుంది. పదహారు మీటలు, పైన చిన్న తెర, ఒక్కో మీట పక్కన ఒక్కో దీపం. మైకులో మాట వినబడితే దీపం పచ్చగా వెలుగుతుంది. షాపతను ఒక మైకు గుచ్చి హలో హలో అన్నాడు. ఒక దీపం ఎగిరెగిరి పడింది. మిగతా పదిహేనూ నల్లగా ఉన్నాయి. అత్త ఆ నల్లటి దీపాలనే చూస్తూ నిలబడింది.

"వైరు లేని దానికి వెలగదా?"

"ఎలా వెలుగుతుంది మేడం? లోపలికి ఏమీ రావట్లేదు కదా."

"ఈ దీపాలు ఆర్పేసుకోవచ్చా?"

షాపతను నవ్వాడు. "డబ్బులిచ్చి కొన్న దీపాలు ఆర్పుకోవడం ఎందుకు మేడం?"

సెక్రటరీ నవ్వలేదు. కళ్లద్దాల పైనుంచి అత్తను ఒకసారి చూసి, తన చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో నాకు కనిపించలేదు. అత్తకు కూడా కనిపించలేదని ఆమె మెడ సాగదీసిన తీరు చూస్తే తెలిసింది.

నెల రోజుల్లో అయిదు పెట్టెలు చూశాం. ఒకదానికి తెర మరీ పెద్దదంది. ఒకదానికి పంకా చప్పుడంది. ఒకదానికి మీటలు వాటంతట అవే కదులుతాయి, ఎవరు కదిపారో తెలియదంది. ఒకదాని కంపెనీ పేరే వినలేదంది. ప్రతి వంకలోనూ కొంత నిజం ఉంది. చివరికి, "పాతరకమే ఇంకొకటి తీసుకుందాం. నాకు తెలిసినాయన దగ్గర మంచిది ఉంది. సభలకు సౌండు పెట్టేవాడు, ఇప్పుడు మానేశాడు" అంది.

సెక్రటరీ నడుస్తున్నవాడు ఆగిపోయాడు. "తెలిసినాయనా?"

"ఆయన కాటా నేనే చూసేదాన్ని. ఇంతకుముందు పాత ఇనుం కొట్టు ఉండేది."

"ఓహో" అన్నాడు సెక్రటరీ. ఆ ఓహో చాలా పొడుగ్గా ఉంది.

ఆ వారం నుంచి గాలి మారింది. చర్చి మెట్ల దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటుంటే మేం వచ్చేసరికి వాన కబుర్లలో పడేవాళ్లు. గిటారు వాయించే ప్లంబరు ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "మీ అత్తకి ఆ పాత ఇనుం కొట్టాయన ఏమన్నా ఇస్తానన్నాడా? నాకు చెప్పు, నేనెవరికీ చెప్పను" అన్నాడు. అడిగిన తీరు చూస్తే అప్పటికే పదిమందికి చెప్పినట్టుంది. నేను తల అడ్డంగా ఊపాను. అంత గట్టిగా ఊపాల్సింది కాదని తర్వాత అనిపించింది.

అసలు దెబ్బ ఆరు నెలలకోసారి కాటా చూడడానికి సెక్రటరీ కొట్టుకు వెళ్లినప్పుడు తగిలింది. అత్త కాటా తిరగేసింది. అడుగున మరలకు ఆమె ఎప్పుడూ ఎర్ర రంగు చుక్క పెడుతుంది, ఎవరైనా విప్పితే తెలియడానికి. రెండు చుక్కలు పగిలి ఉన్నాయి. నాలుగో మర సగం తిప్పు ఎక్కువ బిగిసి ఉంది.

"ఎవరో విప్పారు" అంది.

సెక్రటరీ చక్కెర పొట్లం కడుతూ తల ఎత్తలేదు. "ఆ. ఊరికే. బస్టాండు దగ్గర కొత్తగా ఒకాయన కాటాల షాపు పెట్టాడు కదా, ఆయన ఇటొస్తే చూడమన్నా."

"ఏమన్నాడు?"

"సరిగ్గానే ఉందన్నాడు." పొట్లం దారం తెంపాడు. "సరిగ్గానే ఉందిలే అక్కా, నేనేం అన్లేదే!"

అత్త కాటా తుడిచి, గుండ్లు సంచిలో వేసుకుని బయటికొచ్చింది. పక్క సందులో చేపల కొట్టు. అక్కడి కాటా కూడా తిరగేసి చూసింది. చుక్కలు పగిలి ఉన్నాయి. ఆ తర్వాతి కొట్టుకు వెళ్లలేదు. రోడ్డు మీద నిలబడి, ఎవరో చెంప మీద కొట్టి పారిపోతే ఎటు పోయాడో వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూసింది.

ఇంటికొచ్చాక మామయ్య నవ్వించబోయాడు. "పోనీలెద్దూ, ఆ కొత్తాయన కూడా సరిగ్గా ఉందన్నాడుగా. ఉచితంగా సర్టిఫికెట్టు."

"ఆయన సరిగ్గా ఉందన్నాడా లేదా అన్నది కాదండీ. అడగాలనిపించింది వాళ్లకి. అదీ." ఆమె సంచిలోంచి గుండ్లు తీసి ఒక్కొక్కటీ గుడ్డతో తుడవసాగింది. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"అయితే ఆ పాత పెట్టె ఎందుకు కావాలన్నావో చెప్పెయ్యి, గొడవ వదులుతుంది."

అత్త నా వైపు చూసింది. మామయ్యకు కూడా తెలియదని నాకు అప్పుడే తెలిసింది.

ఆ శనివారం మధ్యాహ్నం కమిటీ మళ్లీ కూర్చుంది, చర్చి హాల్లోనే, ముందు వరస కుర్చీలు గుండ్రంగా వేసుకుని. పాస్టరుగారు, సెక్రటరీ, పీటీ టీచరమ్మ, ప్లంబరు, అత్త. అయిదు పెట్టెల వివరాలు రాసిన కాగితాలతో నేను కాస్త వెనగ్గా కూర్చున్నాను.

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "నేనెవరినీ ఏమీ అనట్లేదు. అయిదు చూశాం. అయిదింటికీ అక్క ఏదో ఒకటి చెప్పింది. ఆఖరికి తనకి తెలిసినాయన దగ్గర పాతది కొందామంటోంది. నలుగురూ అడుగుతున్నారు నన్ను. నేనేం చెప్పాలి?"

"నలుగురంటే ఎవరు?" అంది అత్త.

"ఉన్నారులే నలుగురు."

ప్లంబరు తన బూట్ల వైపు చూసుకున్నాడు. పాస్టరుగారు, "అలా కాదు, అలా కాదు" అన్నారు. ఎలాగో మాత్రం చెప్పలేదు.

అప్పుడు పీటీ టీచరమ్మ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"సిగ్గు లేదయ్యా మీకు? ఎవర్ని అంటున్నారు? పదకొండేళ్లుగా నేను ఆ మైకు ముందు నిలబడి ఈమె చెయ్యి చూస్తున్నా. పెంచమంటే పెంచుతుంది. ఎంత కావాలో అంత. ఒక్క గీత ఎక్కువ పెంచి ఎరగదు, ఒక్క గీత తక్కువ పెంచి ఎరగదు. మీ కొట్లో కాటా సంగతి నాకు తెలీదు. ఆ పెట్టె దగ్గర ఆ చెయ్యి అబద్ధమాడదు. నేను సాక్ష్యం!"

హాలంతా ఆ గొంతు నిండిపోయింది. మైకు లేకుండానే.

సెక్రటరీ రెండు చేతులూ ఎత్తేశాడు. "టీచరమ్మే అన్నాక ఇంకేముంది? అక్కా, నా తప్పు. వదిలేద్దాం. పాతదైనా పర్లేదు, అదే కొందాం."

అక్కడితో అయిపోయేది. అత్త తల ఊపి ఊరుకుంటే చాలు, ఆమె పేరు నిలబడేది, పాత పెట్టె వచ్చేది, పన్నెండో మీట మరో పదేళ్లు నడిచేది. నేను కాగితాలు సర్దుకోవడం కూడా మొదలుపెట్టాను.

అత్త కూర్చున్న చోటు నుంచే అంది. "నాకు మీ సాక్ష్యం వద్దు టీచరమ్మా."

"అదేంటమ్మా?"

"మీ మీటకి వైరు లేదు."

ఎవరికీ అర్థం కాలేదు. అత్త మళ్లీ చెప్పింది, ఈసారి ఒక్కో మాట విడదీసి. "మీది మూడో మైకు. మూడో మీట నేను ముట్టుకోను. ముట్టుకుంటే స్పీకర్ కూస్తుంది. మీరు వేలెత్తినప్పుడు పన్నెండోది జరుపుతాను. దానికేమీ తగిలించి లేదు. పదకొండేళ్లుగా అదే. కొత్త పెట్టెల్లో దీపాలుంటాయి, మీకు కనపడుతుంది. అందుకే అయిదింటికీ వంకలు పెట్టాను. నాకెవరూ ఏమీ ఇస్తాననలేదు."

ప్లంబరుకు నవ్వొచ్చింది. దగ్గు కింద మార్చబోయాడు కానీ కుదరలేదు.

టీచరమ్మ ప్లంబరును చూడలేదు. అత్తనే చూసింది, చాలాసేపు. "నువ్వు ఇప్పుడు అబద్ధమాడుతున్నావు" అంది. "వీళ్లతో ఎందుకొచ్చిన గొడవని నెత్తినేసుకుంటున్నావు. నాకు తెలీదా? నా చెవులకి తెలీదా? పెరిగేది. పెట్టు పెట్టె. ఇప్పుడే పెట్టు."

అత్త లేచి స్విచ్చి వేసింది. స్పీకర్లు ఒకసారి గరగరలాడి సర్దుకున్నాయి. టీచరమ్మ తన చోటుకు వెళ్లి, మైకు ఎత్తు సరిచేసుకుని, ప్రతి ఆదివారం మొదట పాడే పాటే అందుకుంది. రెండు వరుసలు పాడి వేలెత్తింది. అత్త పన్నెండో మీట పైకి జరిపింది.

గొంతు పెరిగింది.

నేను చెవులారా విన్నాను. పాస్టరుగారు కూడా కనుబొమలు ఎత్తారు. సెక్రటరీ, "పెరిగిందిగా!" అనేశాడు.

"చూశావా!" అంది టీచరమ్మ మైకులోనే.

అత్త పెట్టెను రెండు చేతులతో పట్టుకుని, వెనక వైపు టీచరమ్మకు కనపడేలా తిప్పింది. టీచరమ్మ దిగివచ్చి వంగింది. కళ్లజోడు పెట్టుకుంది. పన్నెండో అంకె కింద కంతలో చూపుడువేలు పెట్టి తీసి చూసుకుంది. వేలి కొసకు దుమ్ము.

"మీరే పెంచుతారు" అంది అత్త మెల్లగా. "నా చెయ్యి పైకి లేవగానే మీరు ఊపిరి ఎక్కువ తీసుకుంటారు. అది మీకు తెలీదు."

"తెలీదు" అంది టీచరమ్మ. ఆ వేలు కొంగుకు తుడుచుకుంది. "నీకు తెలుసు. పదకొండేళ్లు తెలుసు." చేతిసంచి తీసుకుని నడిచి వెళ్లిపోయింది. తలుపు కూడా మెల్లగానే వేసింది. గట్టిగా వేసినా బాగుండేదని అత్త తర్వాత ఒకసారి అంది.

అత్త ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదన్నది అందరికీ అర్థమైంది. కానీ ఆ అనుమానం ఖాళీ చేసిన కుర్చీలో ఇంకొకటి వచ్చి కూర్చుంది. ముందు ప్లంబరు అడిగాడు, నవ్వు ముఖంతోనే. "అక్కా, నా గిటారుకి వైరు ఉందా?"

"ఉంది. ఏడోది. చూసుకో."

వంగి చూసుకున్నాడు. ఆ తర్వాత పాస్టరుగారు ఎవరూ చూడడం లేదనుకుని, వైరును తన మైకు నుంచి పెట్టె దాకా కళ్లతోనే అనుసరిస్తూ వచ్చారు. సెక్రటరీ అత్త వైపు చూసి, "అక్కా..." అని ఆగాడు. ఆయనకు మిక్సర్‌తో పని లేదు. ఆయన ఆలోచిస్తున్నది కాటా గురించని అత్తకు తెలుసు.

"అడుగు" అంది అత్త.

"ఏం లేదులే."

"కాటాలో ఎప్పుడూ అలా చెయ్యలేదు. నమ్మితే నమ్ము, లేకపోతే విప్పించి చూడు. రంగు చుక్కలు మళ్లీ పెడతాలే."

ఇంటికొస్తూ దారిలో ఆమె నాతో అన్నది ఒక్కటే. "కొట్లో అంకెల కాటాకి రెండు వైపులా అంకెలెందుకుంటాయో తెలుసా? ఒకటి తూచేవాడికి, ఒకటి కొనేవాడికి. కొనేవాడి వైపుది పనిచెయ్యకపోతే ఆ కాటాకి సీలు వెయ్యరు. నాకు ఆ పెట్టె దగ్గర ఇన్నేళ్లు అది తట్టలేదు చూడు."

సోమవారం మళ్లీ షాపులకు బయల్దేరాం. ఈసారి ఆమె అడిగిన ప్రశ్న ఒకటే: పాడేవాళ్ల వైపు నుంచి ఏం కనిపిస్తుంది? పంకా చప్పుడు, కంపెనీ పేరు, ఏదీ ఎత్తలేదు. పచ్చ దీపాలున్న ఆ రెండో షాపు దగ్గరే ఆగింది. షాపతను ఆమెను చూడగానే, "మేడం, దీపాలు ఆర్పడం ఇప్పటికీ కుదరదు" అన్నాడు.

"ఆర్పొద్దు. ఇవే దీపాలు ఇంకోచోట కూడా వెలిగించాలి. వేదిక మీద."

అతను పలక ఫోను ఒకటి తెచ్చి పెట్టెకు కలిపి చూపించాడు. పెట్టె మీద ఏ మీట కదిలితే పలకలోనూ ఆ మీటే కదిలింది. అత్త ఒక్కో మీటా కదిపి పదహారింటినీ చూసింది. పలక ఊరికే చూపించడానికేనా, దానితో కదపడం కూడా కుదురుతుందా అని అడిగింది. రెండూ అన్నాడు. పలక చచ్చిపోతే పెట్టె పనిచేస్తుందా అని అడిగింది. చేస్తుందన్నాడు. నమ్మకుండా పలకను తనే ఆర్పి, మైకులో హలో అని చూసింది. పని చేసింది. సెక్రటరీ పక్కనే నిలబడి, ఆమె చూసిన పదహారు మీటలనూ తనూ ఒకసారి కదిపి చూశాడు. అత్త ఆయన్ని ఆపలేదు.

వైరు కూడా పొడుగుది కొన్నారు. పెట్టె హాలు వెనక్కి వెళ్లింది, పలక వేదిక మీదికి వచ్చింది.

టీచరమ్మ ఆరు ఆదివారాలు రాలేదు. అత్త రెండుసార్లు ఆమె ఇంటికి వెళ్లింది. ఒకసారి తలుపు తీయలేదు. రెండోసారి తీసి, "మొక్కలకి నీళ్లు పోస్తున్నా" అని మళ్లీ వేసుకుంది. ఏడో ఆదివారం వచ్చింది. నేరుగా పలక దగ్గరకు వెళ్లి కళ్లజోడు పెట్టుకుని, "మూడోది నాదేనా?" అని హాలు వెనక్కి కేకేసింది.

"మీదే టీచరమ్మా."

"పన్నెండోదేది?"

"కొత్తగా వచ్చిన పిల్లది. వైరు ఉంది, చూసుకోండి."

టీచరమ్మ వైరు పట్టుకుని మైకు దాకా నడిచింది. తన మీట తనే కొంచెం పెంచుకుంది. స్పీకర్ కీచుమంది. హాలంతా చెవులు మూసుకుంది. తనే తగ్గించుకుంది. అత్త వైపు చూడలేదు. పాట ఎత్తుకుంది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అంతే. ముందు మూడో దీపం వెలుగుతోందా అని మైకులో రెండుసార్లు దగ్గి చూసుకుంటుంది, ఆ తర్వాతే పాడుతుంది. అత్తతో పాట మాటలే తప్ప వేరే మాటలు లేవు. ఒకరోజు ప్లంబరు, "టీచరమ్మా, ఇంకా అనుమానమేనా?" అన్నాడు. "అనుమానం కాదయ్యా, అలవాటు" అంది ఆమె. వెనక బల్ల దగ్గర అత్త తల వంచుకుని పాటల వరుస చూసుకుంటోంది. వినపడిందో లేదో నేను అడగలేదు.

సెక్రటరీ కాటాలు తిరిగి అత్త దగ్గరకే వచ్చాయి. చేపల కొట్టు వాళ్లవి రాలేదు. ఇంకో రెండు కొట్లు కూడా బస్టాండు దగ్గరి ఆయనకే చూపించుకుంటున్నాయి.

చిన్నత్తకు ఇప్పుడు యాభై ఆరేళ్లు. ముప్పై ఎనిమిది కొట్ల కాటాలు చూస్తోంది. నెలకు రెండు ఆదివారాలు మిక్సర్ దగ్గర కూర్చుంటుంది. మిగతా ఆదివారాలు ప్లంబరు భార్య కూర్చుంటుంది.